కారెక్కిన పుట్టి

మంజీర నది పక్క పల్లెల్లో చెరువుకో పుట్టి, అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, ఉండదు. ఉన్న ఒక్క పుట్టే చెరువులన్నీ తిరగాలి. కామారెడ్డి జిల్లా పిట్లం చుట్టుపక్కల ఆ ప్రయాణం ఇప్పుడు మామూలు కార్ల మీదికి చేరింది. నీళ్ల మీద పడవ భద్రత గురించి ఎంతో మాట్లాడుకుంటాం. రోడ్డు మీద దాని భద్రత సంగతేంటి?

ఫిబ్రవరి దాటి ఎండ ముదిరే రోజుల్లో పిట్లం నుంచి నిజాంసాగర్ వైపో బిచ్కుంద వైపో తెల్లవారుజామున బయల్దేరితే, నీళ్ల మీద ఉండాల్సిన పుట్టి రోడ్డు మీద ఎదురవుతుంది. ఒకచోట ట్రాక్టర్ ట్రాలీలో వలల మూటలకు ఆనించి నిలబెట్టి ఉంటుంది. ఇంకోచోట లగేజీ ఆటో మీద బోర్లించి ఉంటుంది, అంచులు రెండువైపులా బయటికి చాచుకుని ఉంటాయి. ఈ మధ్య మామూలు కారు నెత్తిన కూడా కనిపిస్తోంది. దారిన పోయేవాళ్లు వింతగా చూసి, ఫోన్లో ఫొటో తీసుకుని ముందుకెళ్లిపోతారు.

ఇందులో వింతేమీ లేదు. ఆ పుట్టి కింద ఒక ఇంటి బతుకుదెరువు ఉంది. దాన్ని కట్టిన తాడు తెగితే వెనక బండి మీద వచ్చేవాడి ప్రాణం పోతుంది. చేపపిల్ల నుంచి చేపల మార్కెట్ దాకా ప్రతి మెట్టు గురించీ ప్రభుత్వాలు లెక్కలు వేశాయి, పథకాలు రాశాయి. పడవ ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు ఎలా చేరాలన్న చిన్న ప్రశ్న మాత్రం మత్స్యకారుడి నెత్తినే మిగిలిపోయింది. ఒకప్పుడది నిజంగా నెత్తి మీది బరువే. ఇప్పుడది కారు మీదికి మారింది.

పుట్టికి రోడ్డుతో ఏం పని?

కోస్తా పాఠకులకు ఇది కొత్తగా అనిపించవచ్చు. సముద్రం ఎక్కడికీ పోదు, పడవ దాని ఒడ్డునే ఉంటుంది. తెలంగాణ చెరువు అలా కాదు. వానాకాలంలో మత్తడి దుంకిన చెరువు, యాసంగి పంటకు తూము ఎత్తాక నెలనెలా తగ్గుతూ వస్తుంది. వానలకు నీళ్లొచ్చాక చేపపిల్లల్ని వదిలితే, నీళ్లు తగ్గే కాలంలో బొచ్చె, రవ్వ, బంగారుతీగ పట్టుబడికి వస్తాయి. ఒక చెరువులో పని రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. తర్వాత ఆ బృందం, ఆ వలలు, ఆ పుట్టి పక్కూరి చెరువుకు కదలాలి. ఎండాకాలమంతా ఇదే తిరుగుడు. మృగశిర కార్తె నాడు, అంటే జూన్ 7 లేదా 8న, తెలంగాణలో చేప వండని ఇల్లు తక్కువ. ఆ ముందు వారం పుట్టికి ఊపిరి సలపదు.

పిట్లం చుట్టూ నీటి వనరులు ఒక తీరుగా ఉండవు. కౌలాస్‌నాలా, సింగితం, కళ్యాణి వంటి ప్రాజెక్టులున్నాయి. ఊరూరా చెరువులు, కుంటలు ఉన్నాయి. వీటన్నిటికీ పెద్దదిక్కు నిజాంసాగర్. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో, బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర లాతూరు, బీదరు దాటి, సింగూరులో ఆగి ఇక్కడికి చేరుతుంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ ఆనకట్టను ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించాడు. కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టే జలాశయం పూడిక పేరుకుని ఇప్పుడు 17.8 టీఎంసీలకు కుదించుకుపోయింది. పూర్తిమట్టం 1,405 అడుగులు.

పూడిక పడిన జలాశయానికి ఇంకో గుణం ఉంది. లోతు తగ్గిపోయి, మట్టం కాస్త తగ్గినా నీటి అంచు చాలా దూరం వెనక్కి జరుగుతుంది. నిన్నటిదాకా నీళ్లున్న శిఖం భూమిలో బురద, ఆ వెనక పశువులు. ఒడ్డున వదిలిన పుట్టి నీళ్లకు దూరమైపోతుంది. ఎండకు వెదురు చీలుతుంది, తారు కరిగి పొరలు ఊడుతాయి, మేతకొచ్చిన గొడ్లు తొక్కుతాయి. ఎవరైనా ఎత్తుకుపోవచ్చు కూడా. అందుకే పని అయిన రోజు పుట్టి ఇంటికి రావాలి, లేదా మరో గట్టుకు పోవాలి.

గాడిదల మీద తిరిగొచ్చిన పడవలు

పడవ ఒడ్డు మీద ఎలా ప్రయాణించాలన్న చింత ఇవాళ్టిది కాదు. దాదాపు రెండున్నర వేల ఏళ్ల కింద గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ బాబిలోను గురించి రాసిన వింతల్లో గుండ్రటి తోలు పడవలు ఒకటి. ఎగువన ఆర్మీనియాలో కర్రచట్రం అల్లి, తోళ్లు చుట్టి, సరుకు నింపి యూఫ్రటీస్ మీద బాబిలోనుకు వదిలేవారు. ప్రతి పడవలోనూ ఒక గాడిదను ఎక్కించేవారు, పెద్ద పడవైతే ఇంకా ఎక్కువ. ప్రవాహానికి ఎదురెక్కడం అసాధ్యం కనుక, సరుకు అమ్మేశాక చట్రాన్ని కూడా అమ్మేసి, తోళ్లను గాడిదల మీద వేసుకుని కాలినడకన తిరిగివెళ్లేవారు. బరువైన భాగం వదిలేసి విలువైన భాగం మోసుకెళ్లడమన్న ఆ ఆలోచన ఎంత తెలివైనదో చూడండి.

మన దక్కన్‌లోనూ పుట్టికి పాత చరిత్ర ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయస్ ఆనెగొంది రేవులో తుంగభద్ర దాటించే గుండ్రటి పడవల గురించి రాశాడు. లోపల అల్లిక, పైన తోలు. పదిహేను ఇరవై మంది మనుషులను, అవసరమైతే గుర్రాలను, ఎడ్లను కూడా దాటించేవట. ఇవాళ తోలు పోయింది. వెదురు బద్దల అల్లిక మీద ప్లాస్టిక్ సంచుల పట్టా, ఆ పైన తారు. కొన్నిచోట్ల ఫైబర్ పుట్టి వచ్చింది. ఇంకా పేదవాళ్లు థర్మోకోల్ దిమ్మలను ప్లాస్టిక్ సంచుల్లో కుట్టి, వెదురు కట్టి తెప్ప చేసుకుంటారు. లారీ ట్యూబు మీద కూర్చుని వల వేసేవాళ్లూ ఉన్నారు.

ఉత్తరాంధ్ర తీరంలోని పాత తెప్ప గురించీ ఇక్కడే చెప్పాలి. విడివిడి దుంగలను తాళ్లతో కట్టి సముద్రంలోకి దించేవారు. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగలను ఒక్కొక్కటిగా మోసుకెళ్లి ఆరబెట్టేవారు. విప్పి మోయగలిగిన పడవ అది. పుట్టికి ఆ వెసులుబాటు లేదు. దాన్ని మడవలేం, విప్పలేం. ఉన్నది ఉన్నట్టుగా మోయాల్సిందే. ఒంటరి మత్స్యకారుడు చిన్న పుట్టిని బోర్లించి తలకెత్తుకుని, వీపు మీదికి జారనిచ్చి నడుస్తాడు. బ్రిటన్‌లోని వేల్స్ నదుల మీద సాల్మన్ చేపలు పట్టేవాళ్లు కూడా సరిగ్గా ఇలాగే తమ బుట్ట పడవలను వీపున వేసుకుని నడిచేవారు. ఒక కిలోమీటరుకు, రెండు కిలోమీటర్లకు అది సరే. నాలుగు ఊళ్ల అవతలి చెరువుకు?

కారు ఎలా వచ్చింది?

కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల పల్లెల నుంచి గల్ఫ్‌కు వలస ఎంత ఉందో తెలుగు నేలంతటికీ తెలుసు. దుబాయి నుంచో మస్కట్ నుంచో తిరిగొచ్చిన కొడుకు ఇల్లు బాగుచేయిస్తాడు, వీలైతే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొంటాడు. ముదిరాజ్, గంగపుత్ర ఇళ్లలో కూడా అంతే. తండ్రి మత్స్యకారుల సంఘంలో సభ్యుడు, చెరువులో వాటా ఉంది. ఇంటి ముందు కారు, వెనక పుట్టి. ట్రాక్టర్ కిరాయి అడిగితే ఒక పూట పట్టుబడిలో పెద్ద ముక్క పోతుంది. ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టి ఎత్తితే పుట్టి కారు మీదికి చేరుతుంది. కనుక ఎత్తుతారు. ఇందులో తప్పేమీ లేదు. ఇంట్లో ఉన్న బండిని పనికి వాడుకోవడం తెలివే. ఎలా వాడుకోవాలో చెప్పినవాళ్లు లేకపోవడమే లోటు.

చేపను మోసే బండ్ల గురించి మాత్రం చాలా జరిగింది. 2018లో రాష్ట్ర ప్రభుత్వం సమీకృత మత్స్య అభివృద్ధి పథకం కింద మోపెడ్లు, లగేజీ ఆటోలు 75 శాతం రాయితీ మీద ఇచ్చింది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐసు పెట్టెల మోటారు సైకిళ్లు, మూడు చక్రాల బండ్లు, చల్లటి వాహనాలు ఉన్నాయి. అవన్నీ కావాల్సినవే. పట్టిన చేప పాడవకుండా సంతకు చేరడానికి అవి పనికొచ్చాయి. చేపను పట్టే పడవ చెరువుకు చేరే ఏర్పాటు మీద ఆ పాటి శ్రద్ధ పెట్టలేదు. నా ఫిర్యాదు అదే.

వెడల్పు దగ్గరే అసలు చిక్కు

ఒక్కసారి టేపు పట్టి కొలుద్దాం. ఆరు అడుగుల పుట్టి అంటే 1.83 మీటర్లు. ఆల్టో కారు వెడల్పు 1.49 మీటర్లు. పుట్టిని సరిగ్గా మధ్యలో పెట్టినా రెండువైపులా పదిహేడేసి సెంటీమీటర్లు బయటికి వస్తుంది. వ్యాగన్ ఆర్ 1.62 మీటర్లు, దాని మీద పదేసి సెంటీమీటర్లు. ఏడడుగుల పుట్టి అయితే ఆల్టోకు రెండు పక్కలా ముప్పై సెంటీమీటర్లు దాటి చాచుకుంటుంది. అది సరిగ్గా పక్కన పోయే బైకు మీది మనిషి తల ఎత్తులో ఉంటుంది. కోసుగా తేలిన వెదురు బద్దలు ఆ అంచునే ఉంటాయి.

చట్టం ఇక్కడ స్పష్టంగా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194(1ఎ) సెక్షన్ ప్రకారం బరువు బండి పక్కలకు గానీ, ముందుకు గానీ, వెనక్కి గానీ, ఎత్తులో గానీ అనుమతించిన హద్దు దాటితే జరిమానా 20 వేల రూపాయలు. దించే ఖర్చు అదనం. ఎర్రగుడ్డ కట్టినంత మాత్రాన తప్పు ఒప్పవదు. సొంత పుట్టిని సొంత కారులో తీసుకెళ్లడం ఒక సంగతి, పక్కవాడి పుట్టిని కిరాయికి మోయడం వేరే సంగతి. కిరాయి పుచ్చుకున్న క్షణం అది రవాణా వాహనంగా పనిచేసినట్టే, దానికి పర్మిట్ కావాలి. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట అడిగేదీ అదే.

కనుక కారు మీదికి ఎక్కించే పడవ కారు వెడల్పుకు లోపల ఉండాలి. ఇది నా గట్టి అభిప్రాయం. ఆల్టోకు నాలుగున్నర, వ్యాగన్ ఆర్‌కు అయిదు అడుగుల ఒంటి మనిషి పుట్టి, సన్నటి థర్మోకోల్ తెప్ప ఈ లెక్కలో సరిపోతాయి. ఆరడుగులు, అంతకు మించిన పుట్టి ట్రాక్టర్‌లోనో పికప్ బండిలోనో నిలబెట్టి పోవాల్సిందే, ఆ కిరాయి ఎంత భారమైనా సరే.

హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు తెరచాప పడవలు నడపడం చాలామంది చూసే ఉంటారు. వాళ్లు నేర్చుకునే ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవను 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల నిపుణుడు గీశాడు. పొడవు 2.3 మీటర్లు, వెడల్పు దాదాపు 1.1 మీటర్లు, ఒట్టి పడవ బరువు 35 కిలోలు. ఎంత చిన్న కారు మీదైనా పక్కలకు పొడుచుకురాకుండా కూర్చుంటుంది. చెరువులో వల వేయడానికి అదే పడవ కావాలని నేననను. సన్నగా, బల్లపరుపు అడుగుతో, ఇద్దరు ఎత్తగలిగే బరువులో ఒక చెరువు పడవను గీయడం మన ఇంజినీరింగ్ కాలేజీలకు, మత్స్య కళాశాలకు మించిన పని కాదు. పుట్టి గుండ్రంగా ఎందుకుందంటే వెదురు అల్లికకు ఆ ఆకారం సులువు, వల లాగేటప్పుడు ఏ పక్కకైనా తిరగగలదు. ఫైబర్‌తో చేసేటప్పుడు అల్లిక బలవంతం లేదు. అయినా ఫైబర్ పుట్టిని కూడా అదే గుండ్రంలో పోస్తున్నాం.

గాలి బరువు

ఊరి రోడ్డు మీద పుట్టి బుద్ధిగానే కూర్చుంటుంది. 161వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక కథ మారుతుంది. సంగారెడ్డి నుంచి నాందేడ్, అకోలా వైపు పోయే ఈ రోడ్డు పిట్లం మీదుగా వెళ్తుంది. వెడల్పు చేశాక కాలు ఆక్సిలరేటర్ మీద దానంతటదే దిగుతుంది. పక్క నుంచి కంటెయినర్లు దూసుకుపోతుంటాయి.

గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో చదరపు మీటరుకు ఏడున్నర కిలోల చొప్పున తోసే గాలి, 80 దగ్గర దాదాపు 30 కిలోల చొప్పున తోస్తుంది. 100 దగ్గర అది 47 దాకా పోతుంది. అయిదడుగుల పుట్టి నోటి వైశాల్యం దాదాపు 1.8 చదరపు మీటర్లు. ముందు అంచు కొంచెం పైకి లేచి గాలి లోపల దూరిందంటే, 80 కిలోమీటర్ల వేగంలో దాన్ని లేపే శక్తి 50 కిలోలు దాటవచ్చు. పుట్టి బరువు అంతకన్నా తక్కువ. అంటే అప్పుడు దాన్ని కారు మీద ఆపుతున్నది బరువు కాదు, తాడు ఒక్కటే. థర్మోకోల్ తెప్ప విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. తేలికగా ఉంది కదా అని ఒక్క తాడుతో వదిలేస్తారు. తేలికైనదే ముందు ఎగురుతుంది.

అందుకే కారు మీద పడవ ఉన్నప్పుడు 40 దాటకపోవడం మంచిది. హైవే తప్పించి పాత ఊరి రోడ్డు పట్టుకుంటే పావుగంట ఆలస్యమవుతుంది, అంతే. ఎదురుగాలి ఉన్న రోజు, ఈదురుగాలులు లేచే ఏప్రిల్, మే సాయంత్రాలు అసలు బయల్దేరకూడదు. లారీని దాటే ప్రయత్నం చేయొద్దు. దాని పక్క నుంచి ముందుకు వచ్చిన క్షణంలో గాలి ఒక్క దెబ్బగా తగులుతుంది.

తాడు, ముడి, మెత్త

ముందు కారు గురించి. పైకప్పు రేకు పలుచన. యజమానికి ఇచ్చే పుస్తకంలో పైకప్పు ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది. చాలా చిన్న కార్లకు అది 50 కిలోలకు అటూ ఇటూ, అందులో క్యారియర్ బరువు కూడా కలిపే. నీళ్లు పీల్చిన పుట్టి ఎండిన పుట్టికన్నా బరువు. కాబట్టి చెరువు నుంచి తీసిన వెంటనే ఎక్కించకుండా బోర్లించి నీరు ఓడనివ్వాలి. అంబాసిడర్, ఓమ్ని వంటి పాత బండ్ల కప్పు అంచున వాన నీటి గాడి ఉండేది, క్యారియర్ దాన్ని పట్టుకుని నిలిచేది. కొత్త కార్లకు ఆ గాడి లేదు. ఆ కారు కోసం చేసిన అడ్డకడ్డీలు బిగించుకోవాలి, అవి తలుపుల స్తంభాల దగ్గర బరువు ఆనేలా ఉంటాయి. కడ్డీలు లేకుండా ఒట్టి రేకు మీద దుప్పటి పరిచి పుట్టిని పెట్టడం, తాడును కిటికీల గుండా తిప్పి తలుపులు మూయడం మామూలుగా జరిగే పని. అది ఒక్క కిలోమీటరుకు కూడా పనికిరాదు. రేకు నొక్కుకుంటుంది, తాడు తలుపు అంచున కోసుకుపోతుంది.

పుట్టిని బోర్లా పెట్టాలి. నోరు పైకి పెడితే గాలి వెనక గోడకు కొట్టుకుని మొత్తం పుట్టిని వెనక్కి లాగుతుంది. వాన పడితే నీళ్లు నిండుతాయి. బోర్లా పెట్టినప్పుడు ముందు అంచు వెనక అంచుకన్నా ఒక్క వేలు కూడా ఎత్తులో ఉండకూడదు. కడ్డీల మీద పాత సైకిల్ ట్యూబు చుడితే జారదు. గోనెపట్టా జారుతుంది, కానీ అదే ఎక్కువమంది వాడేది.

ఆపైన తాళ్లు. అడ్డంగా రెండు కట్లు వేసి ఆపేస్తారు చాలామంది. ఆ రెండు కట్లు పుట్టిని కిందికి అదిమి ఉంచుతాయి, ముందుకు వెనక్కి కదలకుండా ఆపలేవు. బ్రేకు కొట్టినప్పుడు పుట్టి ముందుకు వస్తుంది, గాలి వెనక్కి లాగుతుంది. ముందు నుంచి రెండు, వెనక నుంచి రెండు తాళ్లు బంపరు కింద ఉన్న ఇనుప కొక్కేలకు కట్టాలి. ప్లాస్టిక్ బంపరుకు కాదు. ఈ నాలుగు తాళ్లే ప్రాణం. నైలాన్ తాడు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. బయల్దేరేటప్పుడు బిగుసుకున్న ముడి చెరువుకు చేరేసరికి వదులైపోయేది అందుకే. బరువులు కట్టే పట్టీలు, పళ్ల చక్రంతో బిగించేవి, హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. వాటికి సాగుడు తక్కువ. తాడే వాడితే లారీ డ్రైవర్లు టార్పాలిన్ కట్టేటప్పుడు వేసే ముడి నేర్చుకోవాలి. తాడు మధ్యలో ఒక కన్ను వేసి, కొసను కొక్కెంలో తిప్పి ఆ కన్నులోంచి లాగితే ఒక్క మనిషి బలం రెండింతలై బిగుస్తుంది. పిట్లం హైవే మీద ఏ డాబా దగ్గర ఆగిన లారీ డ్రైవరునైనా "అన్నా, ఈ ముడి ఎట్లా వేస్తరు, జర చూపియ్యవా" అని అడిగితే నిమిషంలో చూపిస్తాడు.

బయల్దేరిన రెండు కిలోమీటర్లకు ఆగి తాళ్లన్నీ చేత్తో లాగి చూడాలి. కుదుపులకు సర్దుకున్న పుట్టి కొంత వదులిస్తుంది, మళ్లీ బిగించాలి. తెడ్డు, వల, గాలం డబ్బా పుట్టి కింద దోపొద్దు, కారు లోపల పెట్టుకోవాలి. పుట్టి కింద దోపినవన్నీ మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే రోడ్డు మీద పడతాయి.

వెనక తగిలించే ట్రాలీ సంగతి కూడా చాలామంది అడుగుతారు. ఆస్ట్రేలియాలో, అమెరికాలో చిన్న పడవలు ఎక్కువగా అలాగే తిరుగుతాయి. మన దగ్గర ట్రాలీ కూడా చట్టం దృష్టిలో వాహనమే. దానికి రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు, వెనక దీపాలు కావాలి. ఊళ్లో వెల్డింగ్ చేయించి ఆల్టో వెనక బంపరుకు తగిలిస్తే కారు చట్రానికి దెబ్బ, వెనక వచ్చేవాడికి ముప్పు.

పడవతో పాటు ఇంకేం వెళ్తున్నాయి?

ఒక చెరువు పుట్టి ఇంకో చెరువులోకి దిగేటప్పుడు ఒంటరిగా దిగదు. అడుగున అంటుకున్న గుర్రపుడెక్క ముక్క చాలు, రెండో చెరువును కమ్మేయడానికి. చేపల ఒంటి మీద ఎర్రటి పుళ్లు పెట్టే వ్యాధి 1988లో దేశంలో అడుగుపెట్టి మంచినీటి చేపలను, ముఖ్యంగా కొర్రమీనును, దారుణంగా దెబ్బతీసింది. కొర్రమీను మన రాష్ట్ర చేప కూడా. తడి వల, తడి పుట్టి, చెరువు నీళ్లు మిగిలిన బకెట్టు ఇలాంటి రోగాలకు దారి. చేప పేను గుడ్లు కూడా గట్టి వస్తువులకు అతుక్కుని ప్రయాణిస్తాయి. చెరువు మారేటప్పుడు పుట్టిని రుద్ది కడిగి, బోర్లించి, మన ఎండలో పూర్తిగా ఆరబెడితే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది. ఆరిన పుట్టి తేలికవుతుంది కూడా, కారుకూ మంచిది. రోజు వృథా అవుతుందనుకుంటే సంఘానికి రెండో పుట్టి ఉండాలి. రోగం వచ్చిన చెరువులో ఏడాది పట్టుబడి పోవడం కన్నా ఆ ఖర్చు చిన్నది.

వరద రోజున

2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు కొల్లం, తిరువనంతపురం తీరాల మత్స్యకారులు తమ పడవలను లారీల మీదికెక్కించి, రాత్రికి రాత్రి చెంగన్నూరు వంటి లోతట్టు ఊళ్లకు చేర్చారు. వేలాది మందిని బతికించింది ఆ పడవలే. ఆ పనిలో చాలా పడవలు దెబ్బతిన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కూడా తీరప్రాంతం నుంచి పడవలు రోడ్డు మీదే వచ్చాయి.

2025 ఆగస్టు చివరి వారంలో ఆ వంతు కామారెడ్డి జిల్లాకు వచ్చింది. కాలనీలు మునిగాయి, రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. శతాబ్దం నాటి పోచారం ప్రాజెక్టు కట్ట మీదుగా నీళ్లు పొంగిన ఆ గంటల్లో జిల్లా అంతా గుండెలు అరచేత పట్టుకుంది. విపత్తు దళాలు వచ్చాయి, గొప్పగా పనిచేశాయి. కానీ ఏ దళమైనా దారి దొరికించుకుని రావాలి. పక్కూరి చెరువు గట్టున ఉన్న పుట్టి మొదటి గంటలోనే చేరగలదు, దాన్ని చేర్చే బండి, కడ్డీలు, పట్టీలు, కట్టడం తెలిసిన మనుషులు ఉంటే. చీకట్లో, వానలో, కంగారులో ఎవరూ కొత్తగా ముడి నేర్చుకోలేరు. రోజూ చెరువు పనికి పుట్టిని సరిగా తీసుకెళ్లే అలవాటున్న ఊరే ఆ రాత్రి పనికొస్తుంది. ఇంకొకటి కూడా చెప్పాలి. నీళ్లు పారే రోడ్డు మీద కారు తోలడం పడవ ఉన్నా లేకపోయినా చావుకు ఎదురెళ్లడమే. కారు నీటి అంచు దగ్గర ఆగిపోవాలి, అక్కడి నుంచి పుట్టి పని.

పుట్టిని క్షేమంగా చేర్చే ఏర్పాటుకు పెద్ద ఖర్చేమీ లేదు. మండలానికో రిజిస్టర్ చేసిన పడవ ట్రాలీ, దాన్ని లాగడానికి జీపో పికప్పో సంఘాల ఉమ్మడి పేరు మీద ఉంటే ఆరడుగుల పుట్టులన్నీ క్షేమంగా తిరుగుతాయి. చేపపిల్లలు పంచే రోజున మత్స్యశాఖ అధికారులు ఒక అరగంట పుట్టి కట్టే తీరు చూపించవచ్చు, సభ్యులంతా ఎలాగూ గట్టు మీదే ఉంటారు. రాయితీ జాబితాలో అడ్డకడ్డీలు, బిగింపు పట్టీలు, లైఫ్ జాకెట్లు చేర్చవచ్చు. కారు వెడల్పుకు తగ్గ ఫైబర్ పడవ నమూనా ఒకటి ప్రభుత్వమే చేయించి సంఘాలకు ఇచ్చి చూడవచ్చు.

ఈలోగా పిట్లం, జుక్కల్, బిచ్కుంద, ఎల్లారెడ్డి సంఘాల సభ్యులకు ఒక్క మనవి. ఈ ఎండాకాలం మొదటి చెరువుకు బయల్దేరేముందు మీ పుట్టిని, మీ కారును టేపుతో కొలవండి. పుట్టి కారు వెడల్పు దాటితే దాన్ని కారు మీద పెట్టకండి. దాటకపోతే ముందు రెండు, వెనక రెండు తాళ్లు కట్టకుండా బండి కదిలించకండి.